ఉప్పెనలా వచ్చే ఉద్వేగాలు - డి.బి.టి. చికిత్స గురించి ఇంటివారికి కొన్ని మాటలు

వార్డులో డ్రిప్ పక్కన స్టూలు మీద కూర్చుని మీలో చాలామంది అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "సిస్టర్, ప్రాణం దక్కింది, సంతోషం. ఇంటికెళ్లాక మళ్లీ ఇలా చేయకుండా ఉండాలంటే మేమేం చేయాలి?" డిశ్చార్జి కాగితాల్లో మందుల చీటీ ఉంటుంది, రివ్యూ తేదీ ఉంటుంది. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం అందులో రాయడానికి చోటు ఉండదు. అందుకే ఈ పాఠం.

ఇది అందరు మానసిక రోగుల గురించీ కాదు. చిన్న మాటకే భగ్గున మండేవారు, అరగంటలో కుమిలి కుమిలి ఏడ్చేవారు, "నన్ను వదిలేస్తారు" అన్న భయంతో ఒకరోజు మెడకు చుట్టుకుని మరుసటి రోజు మొహం చూడనివారు, బాధ భరించలేక తమ ఒంటిని తామే గాయపరచుకునేవారు, పదేపదే చావాలని ప్రయత్నించేవారు. వీరి గురించి. డాక్టర్లు కొందరి విషయంలో దీనిని బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. మరికొందరిలో అంత పెద్ద పేరు పెట్టవలసిన పని లేకపోయినా ఉద్వేగాల ఉధృతి మాత్రం అలాగే ఉంటుంది.

ఇదంతా నాటకమా?

"మమ్మల్ని బెదిరించడానికే చేస్తోంది" అని కొందరు తల్లిదండ్రులు, "గాలి సోకింది" అని కొందరు, "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అని మరికొందరు అంటుంటారు. ఈ మూడింటిలో చివరిది ఎక్కువ హాని చేస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటే ఒక ఇంటి కష్టం అప్పుడు రెండిళ్ల కష్టమవుతుంది.

కాలిన గాయాల వార్డులో పని చేసిన ఏ నర్సునైనా అడగండి. ఒళ్లంతా కాలినవారికి పల్చటి దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్లుంటుంది. అదే దుప్పటి మనకు బరువే అనిపించదు. తీవ్ర ఉద్వేగాలున్నవారి మనసును డి.బి.టి. చికిత్సను రూపొందించిన డాక్టర్ మార్షా లైన్‌హాన్ ఇలా కాలిన ఒంటితోనే పోల్చారు. వారికి ఉద్వేగం త్వరగా పుడుతుంది, ఎక్కువ ఎత్తుకు లేస్తుంది, దిగడానికి చాలాసేపు పడుతుంది. పుట్టుకతో వచ్చిన ఈ సున్నితత్వం ఒక్కటే అయితే జబ్బుగా మారకపోవచ్చు. "ఇంతమాత్రానికే ఏడుస్తావా", "నోరు మూసుకో", "నీకేం తక్కువ చేశాం" అనే మాటల మధ్య ఏళ్ల తరబడి పెరిగినప్పుడు, తనకు కలిగే బాధ నిజమైనదో కాదో ఆ బిడ్డకే తెలియకుండా పోతుంది. సున్నితమైన స్వభావం, దాన్ని కొట్టిపారేసే వాతావరణం, ఈ రెండూ ఒకదానినొకటి పెంచుకుంటూ పోతాయని ఆమె సిద్ధాంతం.

ఇది చదివి "అయితే తప్పంతా మాదేనా సిస్టర్?" అని అనుకోకండి. అలా అన్న తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ప్రేమతోనే అన్నారు. మిగిలిన ఇద్దరు పిల్లలు అదే మాట విని దులుపుకుపోయి ఉంటారు. ఈ ఒక్క బిడ్డకే అది గుచ్చుకుంది. కొన్ని ఇళ్లలో మాత్రం నిజంగానే దెబ్బలు, లైంగిక వేధింపులు జరిగి ఉంటాయి. అది వేరే సంగతి, దాన్ని దాచిపెట్టి చికిత్స చేయడం కుదరదు.

చికిత్స ఎలా పుట్టింది?

డి.బి.టి. అంటే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. మందు కాదు, ఇంజక్షన్ కాదు. మాట్లాడుతూ, నేర్పుతూ, సాధన చేయిస్తూ సాగే చికిత్స.

మార్షా లైన్‌హాన్ 1943లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం టల్సా నగరంలో పుట్టారు. తర్వాత సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యులయ్యారు. 2011లో ఆమె తన జీవితంలోని ఒక సంగతిని బయటపెట్టారు. 1961లో, పదిహేడేళ్ల వయసులో, హార్ట్‌ఫర్డ్ నగరంలోని ఒక మానసిక ఆస్పత్రిలో తానే రోగిగా చేరి రెండేళ్లకు పైగా ఉన్నారట. తనను తాను గాయపరచుకుంటూ ఉండడం వల్ల ఎక్కువ కాలం ఒంటరి గదిలో ఉంచేవారు. ఈ నరకం నుంచి నేను బయటపడితే మిగిలినవారిని కూడా బయటికి తెస్తానని ఆమె అక్కడే మొక్కుకున్నారు. "మా అమ్మాయి జీవితం ఇక ఇంతేనా?" అని అడిగే తల్లులకు నేను మొదట ఈ సంగతే చెబుతాను.

ఆమె మొదట "మారండి, ఇలా ఆలోచించండి, అలా చేయండి" అనే పద్ధతితో మొదలుపెట్టారు. రోగులు నొచ్చుకున్నారు. "నా బాధ మీకు అర్థం కాలేదు, తప్పంతా నాదేనంటున్నారు" అన్నారు. సరే అని పూర్తిగా ఓదార్పు వైపు వెళ్తే, "నా బతుకు ఇలాగే ఉండిపోవాలా?" అన్నారు. అప్పుడు రెండింటినీ ఒకే చేత్తో పట్టుకోవడం నేర్చుకున్నారు. నువ్వు ఉన్నదున్నట్టుగా నాకు అంగీకారమే, నువ్వు మారవలసిన అవసరమూ ఉంది. ఎదురెదురుగా కనిపించే ఈ రెండు నిజాలను కలిపి చూడడమే ఆ పేరులోని "డయలెక్టికల్" అన్న మాటకు అర్థం. క్యాథలిక్ విశ్వాసి అయిన ఆమె జెన్ ధ్యానం కూడా నేర్చుకుని, దానిలోని సాధనను ఏ మతం వారైనా, మతం లేనివారైనా చేయగలిగే విధంగా మలిచారు.

1991లో ఆమె బృందం మొదటి పరిశోధన ఫలితాలు ప్రచురించింది. ఏడాదిపాటు ఈ చికిత్స పొందిన స్త్రీలలో తమను తాము గాయపరచుకోవడం, ఆస్పత్రిలో ఉండే రోజులు, మామూలు చికిత్స పొందినవారి కంటే తగ్గాయి. చికిత్స మధ్యలో మానేసినవారు కూడా తక్కువ. 2006లో వచ్చిన మరో పరిశోధనలో, అనుభవజ్ఞులైన ఇతర నిపుణుల దగ్గర చికిత్స పొందినవారితో పోలిస్తే డి.బి.టి. పొందినవారిలో ఆత్మహత్యాప్రయత్నం చేసినవారు దాదాపు సగమే. సున్నా కాలేదు, సగమైంది. ఈ తేడా గుర్తుంచుకుంటే, మధ్యలో ఒకసారి వెనకడుగు పడినప్పుడు "అంతా వృథా" అని మానేయరు.

చికిత్సలో ఏం చేస్తారు?

పూర్తి పద్ధతిలో అయితే వారానికి ఒకసారి రోగితో విడిగా కూర్చుని మాట్లాడతారు. వారానికి ఒకసారి కొందరు రోగులను కలిపి క్లాసులాగా నేర్పుతారు, హోంవర్కు కూడా ఇస్తారు. కష్టం ముంచుకొచ్చిన సమయంలో థెరపిస్టుకు ఫోను చేసి "ఇప్పుడు ఏ ఉపాయం వాడాలి?" అని అడగవచ్చు. థెరపిస్టులు కూడా అలసిపోతారు కాబట్టి వారు వారానికోసారి తమలో తాము కలుసుకుని ఒకరికొకరు సలహా చెప్పుకుంటారు. సాధారణంగా ఏడాదిపాటు సాగుతుంది.

క్లాసులో నాలుగు విద్యలు నేర్పుతారు. ప్రస్తుత క్షణంలో మనసు నిలపడం, బాధను మరింత పెంచకుండా ఓర్చుకోవడం, ఉద్వేగాన్ని గుర్తించి దారిలో పెట్టడం, ఎదుటివారితో తెగతెంపులు కాకుండా తనకు కావలసింది అడగడం. ఈ చివరిది మన ఇళ్లలో కోడళ్లకు ఎక్కువ పనికొస్తుంది. "మీరు నన్నెప్పుడూ మా ఇంటికి పంపరు" అని మూడు నెలలు దాచి ఒక్కసారిగా పేలడం ఒక పద్ధతి. "అత్తయ్యా, ఉగాది తర్వాత మా అమ్మను చూడలేదు. బెంగగా ఉంది. శనివారం వెళ్లి సోమవారం పొద్దుటికల్లా వచ్చేస్తాను. ఆదివారం వంటకు కావలసినవి సిద్ధం చేసి వెళ్తాను" అనడం మరో పద్ధతి. జరిగింది చెప్పడం, మనసులోది చెప్పడం, సూటిగా అడగడం, ఎదుటివారికి కలిగే మేలు చెప్పడం. రెండోసారీ "కుదరదు" అనవచ్చు, అది వేరే మాట. అడిగిన మనిషి మాత్రం తన దృష్టిలో తాను చిన్నబోదు.

ఉప్పెన వచ్చినప్పుడు

ఉద్వేగం అలలాంటిది. లేస్తుంది, పైకి వెళ్తుంది, ఎవరూ దానికి ఆజ్యం పోయకపోతే తగ్గుతుంది. ప్రమాదమంతా అల పైన ఉన్న ఆ కొద్ది సమయంలోనే ఉంది. ఆ సమయంలో బుద్ధులు చెబితే చెవికెక్కవు. అందుకే డి.బి.టి. ముందు ఒంటిని శాంతపరుస్తుంది.

వంగి ఊపిరి బిగబట్టి, చల్లటి నీళ్లున్న బేసిన్‌లో ముఖాన్ని 15 నుంచి 30 సెకన్లు ఉంచడం, లేదా చల్లటి తడిగుడ్డను కళ్ల మీద, బుగ్గల మీద గట్టిగా అదిమి పెట్టడం ఒక ఉపాయం. నీటిలో మునిగినప్పుడు గుండె వేగం తగ్గే స్వభావం మన శరీరానికి పుట్టుకతోనే ఉంది, దాన్నే ఇక్కడ వాడుకుంటాం. గుండెజబ్బు ఉన్నవారు, గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవారు, తిండి మానేసి బాగా నీరసించినవారు డాక్టరును అడగకుండా ఇది చేయకూడదు. డాబా మెట్లు పది నిమిషాలు వేగంగా ఎక్కి దిగడం మరొకటి. గాలి పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు చేయడం ఇంకొకటి: నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి, ఐదు నిమిషాలు. మీరు పక్కన కూర్చుని మీరూ అలాగే ఊపిరి తీయండి. "ఊపిరి తియ్యి, ఊపిరి తియ్యి" అని అరిస్తే పని జరగదు.

ఈ సాధనలు మనసు బాగున్న రోజునే నేర్చుకోవాలి. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే లాభమేమిటి?

మరో విద్యను "ఎదురు పని" అనుకోవచ్చు. సిగ్గు దాక్కోమంటుంది, దిగులు పడుకోమంటుంది, కోపం కొట్టమంటుంది. ఆ ఉద్వేగం ఉన్న పరిస్థితికి తగినది కాదని తేలితే, అది చెప్పేదానికి సరిగ్గా ఎదురుగా చేయాలి. దిగులుతో మంచం దిగనివారు లేచి స్నానం చేసి వీధి చివరి దాకా నడిచి రావడం వంటిది. "తగినది కాదని తేలితే" అన్న మాటను దయచేసి దాటవేయకండి. తాగి వచ్చి రోజూ కొట్టే భర్తను చూసి భార్య భయపడితే ఆ భయం జబ్బు కాదు. ఆమెకు ఊపిరి సాధన నేర్పి అదే ఇంటికి పంపడం చికిత్స కాదు. అలాంటివారికి 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఉంది, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, మా సిబ్బందికి చెప్పినా దారి చూపిస్తారు.

గొలుసు విప్పి చూడడం

డి.బి.టి.లో నాకు బాగా నచ్చిన పని ఇది. "ఎందుకు చేశావు?" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. "ఏమో" అంటారు, తల దించుకుంటారు. థెరపిస్టు అలా అడగరు. ముందురోజు రాత్రి నుంచి ఒక్కొక్క లింకు పట్టుకుని గొలుసు మొత్తం విప్పుతారు.

ఉదాహరణకు డిగ్రీ చదివే ఒక కుర్రాడిని ఊహించుకోండి. రాత్రి రెండు దాకా ఫోను చూశాడు. పొద్దున టిఫిన్ తినలేదు. కాలేజీలో ఫీజు బకాయి గురించి అందరి ముందూ అడిగారు. ఇంటికొస్తే బాబాయి కుటుంబం వచ్చి ఉంది. తండ్రి నవ్వుతూనే, "మీ అన్నని చూసి నేర్చుకోరా" అన్నాడు. గదిలోకి వెళ్లాడు. "నేనెవరికీ పనికిరాను" అన్న ఆలోచన వచ్చింది. ముఖం వేడెక్కింది. స్నేహితుడికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఫోను గోడకేసి కొట్టాడు. తల్లి తలుపు తట్టి "మళ్లీ మొదలుపెట్టావా?" అంది. గడియ పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో మీరు ఊహించగలరు. వారం తర్వాత ఇంటికి వచ్చాక తండ్రి కొత్త ఫోను కొనిచ్చాడు.

ఇంటివారికి కనిపించేది తండ్రి అన్న ఒక్క మాట, కొడుకు చేసిన ఒక్క పని. "ఆ మాటకే ఇంతపనా?" అనుకుంటారు. గొలుసులో చూస్తే డజను లింకులున్నాయి. నిద్ర ఒకటి, ఆకలి ఒకటి, ఫీజు ఒకటి. వాటిలో ఏ ఒక్కటి తెగినా చివరిదాకా వచ్చేది కాదేమో. ఫీజు సంగతి రాత్రే తండ్రికి చెప్పడం, ఫోను ఎత్తని స్నేహితుడితో పాటు రెండో నంబరు ఒకటి రాసిపెట్టుకోవడం, ముఖం వేడెక్కగానే చల్లటి నీళ్ల దగ్గరికి వెళ్లడం, ఇలా ఎక్కడ తెంచవచ్చో రోగి, థెరపిస్టు కలిసి వెతుకుతారు. రోగి రోజూ ఒక కార్డులో ఆ రోజు బాధ ఎంత ఉందో, చావాలన్న కోరిక ఎంత ఉందో అంకె వేసి, ఏ ఉపాయం వాడాడో రాసుకుంటాడు. మామూలు నోటుబుక్కు అయినా చాలు.

గొలుసు చివరి లింకు కూడా చూడండి. కొత్త ఫోను. తండ్రి జాలితో కొన్నాడు, కొడుకు ఫోను కోసం ఆ పని చేయలేదు. అయినా మనసు లెక్క వేసుకుంటుంది: మామూలుగా ఉన్నప్పుడు దొరకనిది ఇలా చేస్తే దొరికింది అని. అందుకని ప్రమాదం తర్వాత ఒక్కసారిగా కోరికలన్నీ తీర్చడం కంటే, ఏ గొడవా లేని మంగళవారం సాయంత్రం పది నిమిషాలు పక్కన కూర్చోవడం ఎక్కువ మేలు. అయితే ఈ మాటను పట్టుకుని "పట్టించుకోకపోతే అదే మానుకుంటుంది" అనే దాకా వెళ్లకండి. చస్తానన్న మాట నూరోసారి విన్నా నిజమనే తీసుకోవాలి.

"కానీ" అనే చిన్న మాట

మీ బాధ నాకు అర్థమైంది అని చెప్పడం డి.బి.టి.లో సగం పని. చాలామంది దీన్ని సమర్థించడం అనుకుని భయపడతారు. బాధను ఒప్పుకోవడం వేరు, చేసిన పనిని ఒప్పుకోవడం వేరు. "అందరి ముందూ అలా అనేసరికి నీకు తల కొట్టేసినట్టయింది కదూ నాన్నా?" అనడంలో ఫోను పగలగొట్టడం మంచిపని అన్న అర్థం ఎక్కడా లేదు.

మనం సాధారణంగా "నీ బాధ నిజమే, కానీ..." అంటాం. ఆ "కానీ" తర్వాత వచ్చే మాటలు ముందున్న వాటిని తుడిచేస్తాయి. వారం రోజులు దాని బదులు "అలాగే" అని వాడి చూడండి. "నీకు కోపం వచ్చింది, అందులో అర్థముంది. అలాగే చెల్లెల్ని కొట్టడం ఈ ఇంట్లో కుదరదు." రెండూ నిలబడ్డాయి చూశారా?

అబద్ధపు ఓదార్పు మాత్రం వద్దు. తప్పు మార్కులు వచ్చినవాడితో "నువ్వే ఫస్టు" అంటే వాడికి మీ తర్వాతి మాట మీద కూడా నమ్మకం పోతుంది. ఏం మాట్లాడాలో తోచకపోతే టీవీ ఆపి, ఫోను పక్కన పెట్టి, వినండి. చాలాసార్లు అంతకంటే అక్కర్లేదు.

మీ సంగతి కూడా చెప్పాలి. రాత్రింబగళ్లు కాపలా కాసే తల్లికి బి.పి. పెరుగుతుంది, నిద్ర ఉండదు, చివరికి విసుగుతో ఆ మాటే నోటివెంట వస్తుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకోండి. అత్తమామలకు తెలుస్తుందని, ఊరికి తెలుస్తుందని దాచి ఒక్కరే మోయకండి.

ఇంటికి తీసుకెళ్లే ముందు

పూర్తి డి.బి.టి. నేర్పే కేంద్రాలు మన దగ్గర ఇంకా తక్కువ, ఉన్నవి ఎక్కువగా పెద్ద నగరాల్లోనే. అలాగని చేతులు ముడుచుకోనవసరం లేదు. మానసిక విభాగంలో క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారా, ఈ విద్యల్లో కొన్నయినా నేర్పుతారా అని అడగండి. ఈ సమస్యకు మందు ఒక్కటే చాలదు. అయితే తోడుగా ఉన్న డిప్రెషన్‌కు, నిద్రలేమికి డాక్టరు రాసిన మాత్రలు ఉంటాయి. "థెరపీ మొదలైంది కదా" అని వాటిని సొంతంగా ఆపేయకండి.

ఇంట్లో పురుగుల మందు, గడ్డి మందు ఉంటే ఈరోజే, రోగి ఇల్లు చేరకముందే తీసేయండి. ఎవరికైనా ఇచ్చేయండి, లేదా తాళం వేసి ఆ తాళంచెవి ఇంట్లో లేకుండా చూడండి. గడ్డి మందుగా అమ్మే పారాక్వాట్‌కు విరుగుడు మందు లేదు. అల ఎక్కువసేపు నిలవదని చెప్పాను కదా, ఆ సమయంలో చేతికి అందకపోవడమే ప్రాణం నిలుపుతుంది. మాత్రలు కూడా వారానికి సరిపడా మాత్రమే బయట ఉంచి మిగిలినవి ఒక పెద్దవారి దగ్గర పెట్టండి.

పోలీసు కేసు భయంతో అర్ధరాత్రి ఆస్పత్రికి తేవడానికి జంకేవారు ఇంకా ఉన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యాప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలి, విచారించి శిక్షించకూడదు. ఆస్పత్రిలో ఎం.ఎల్.సి. రాస్తారు, పోలీసులు వచ్చి వివరాలు అడగవచ్చు. దానికి భయపడి ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి.

రాత్రివేళ ఎవరితో మాట్లాడాలో తోచకపోతే 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బు కట్టనక్కర్లేదు, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. రోగే చేయాలని లేదు, మీరూ చేయవచ్చు. అప్పటికే ఏదైనా తాగినా, మింగినా మాత్రం ఈ నంబరు కాదు, వెంటనే 108.

రివ్యూకు వచ్చినప్పుడు మాత్రల అట్టలతో పాటు, రోగి ఒప్పుకుంటే, ఆ నోటుబుక్కు కూడా తీసుకురండి. అందులో ఖాళీ పేజీలున్నా ఫరవాలేదు, ఏ రోజుల్లో రాయలేదో చూసినా డాక్టరుగారికి కొంత తెలుస్తుంది.